పదిమంది రాసే ఒకే చిట్టా

48 12 2 1 1 96 7 2 1 3 4 0 128 0.

డైరెక్టరీ సర్వర్ తలుపు తట్టడానికి ఈ పద్నాలుగు బైట్లు చాలు. ఎడమ నుంచి ఒక్కొక్కటే చదువుకుంటూ పోదాం. 48 అంటే ఇక్కడొక మూట మొదలవుతోందని. పక్కనున్న 12 ఆ మూట పొడవు: ఇంకో పన్నెండు బైట్లు వస్తాయి, అంతకు మించి ఎదురుచూడక్కర్లేదు. తర్వాత 2 1 1. ఒక పూర్ణాంకం, దాని పొడవు ఒక బైటు, విలువ ఒకటి. ఇది ఈ సందేశం వరస నంబరు. 96 అంటే 'బైండ్', అంటే వచ్చినవాడు తనెవరో చెప్పుకోవడం. దాని పొడవు 7. అందులో మళ్లీ 2 1 3, డైరెక్టరీలతో మాట్లాడే ఎల్‌డాప్ అనే ప్రోటోకాల్ మూడో వెర్షన్‌లో మాట్లాడతానని. 4 0 అంటే పేరు, అది ఖాళీ. 128 0 అంటే పాస్‌వర్డ్, అదీ ఖాళీ. పేరూ ఊరూ చెప్పని పలకరింపు ఇది. సర్వర్ ఒప్పుకుంటే జవాబూ సరిగ్గా పద్నాలుగు బైట్లే: 48 12 2 1 1 97 7 10 1 0 4 0 4 0. 96 కాస్తా 97 అయింది, అంటే బైండ్‌కి జవాబు. 10 1 0లో ఉన్న చివరి సున్నాయే 'సరే' అనే మాట.

ప్రతిచోటా ముందు ఏమిటో, తర్వాత ఎంతో, ఆ తర్వాతే సరుకు. తనకు తెలియని రకం ఏదైనా ఎదురైతే, చదివే ప్రోగ్రాము పొడవు చూసుకుని దాన్ని దాటేసి ముందుకు పోవచ్చు. వరస నంబరుకీ ఒక పని ఉంది. ఒకే కనెక్షన్ మీద పది ప్రశ్నలు ఆగకుండా పంపేయొచ్చు. సర్వర్ తేలికైనదానికి ముందు, కష్టమైనదానికి వెనక జవాబిచ్చినా, ఏ జవాబు ఏ ప్రశ్నదో నంబరు చూసి జతచేసుకోవచ్చు.

ఆ రెండు ఖాళీల దగ్గర మాత్రం ఒక గొయ్యి ఉంది. పేరు ఇచ్చి, పాస్‌వర్డ్ ఇవ్వకపోతే ఏమవ్వాలి? ఎల్‌డాప్ దాన్ని అనామక ప్రవేశంగానే లెక్కేస్తుంది, సర్వర్ 'సరే' అనొచ్చు. ఆ 'సరే' చూసి, పాస్‌వర్డ్ సరిపోయిందనుకునే వెబ్ అప్లికేషన్ ఉంటే, మేనేజరు పేరు కొట్టి ఎవరైనా లోపలికొచ్చేస్తారు. 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4513 ఈ సంగతి విడమరచి చెప్పింది: క్లయింటు ఖాళీ పాస్‌వర్డ్‌ని ముందే ఆపాలి, సర్వర్ మామూలుగా దాన్ని తిరస్కరించాలి. అయినా లాగిన్ పేజీ రాసిన ప్రతివాళ్లూ ఒకసారి ఖాళీ పాస్‌వర్డ్ కొట్టి చూసుకోవడం మంచిదే.

ఈ పొదుపు ఊరికే రాలేదు. 1988 నాటి ఎక్స్.500 ప్రమాణం ప్రపంచమంతటికీ ఒకే డైరెక్టరీ ఉండాలనుకుంది. దాని ప్రోటోకాల్‌కి ఓఎస్ఐ నెట్‌వర్క్ పొరలన్నీ కావాలి. ఆనాటి డెస్క్‌టాప్‌లు మోసే బరువు కాదది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హౌజ్ బృందం మామూలు టీసీపీ మీద నడిచే తేలికపాటి దారి వేసింది. 1993లో అది ఆర్‌ఎఫ్‌సీగా వచ్చింది. మొదట్లో ఎల్‌డాప్ సొంత సర్వర్ కాదు, వెనకున్న ఎక్స్.500 సర్వర్‌తో మాట్లాడి పెట్టే దుబాసీ మాత్రమే. తర్వాత తనే సర్వర్ అయి, వెనకున్నదాన్ని పక్కకు తప్పించింది.

డైరెక్టరీలో అన్నిటికంటే చిన్న వస్తువు ఎంట్రీ. ఒక మనిషి, ఒక ప్రింటరు, ఒక గ్రూపు, ఏదైనా ఒక ఎంట్రీయే. ఎంట్రీ అంటే ఆట్రిబ్యూట్ల కట్ట. ఏ రకం ఎంట్రీకి ఏ ఆట్రిబ్యూట్లు తప్పనిసరి, ఏవి ఐచ్ఛికం, ఒక్కోదాన్ని ఎలా పోల్చాలి అన్నది స్కీమా చెబుతుంది. పోల్చడం దగ్గర పనితనం చూడండి. టెలిఫోన్ నంబరుకి విడిగా ఒక పోలిక నియమం ఉంది. ఖాళీలూ అడ్డగీతలూ తీసేసి పోల్చాలని. అందుకని ఒకరు 040-2345 అని రాసినా, ఇంకొకరు 040 23 45 అని వెతికినా దొరుకుతుంది. ఈ తెలివి ప్రతి అప్లికేషన్‌లోనూ విడివిడిగా రాసుకోనక్కర్లేదు, డేటా ఉన్నచోటే ఉంది.

అదే స్కీమా మనవాళ్ల దగ్గర తడబడుతుంది. ప్రామాణిక ఎల్‌డాప్‌లో 'పర్సన్' అనే రకానికి రెండు ఆట్రిబ్యూట్లు తప్పనిసరి: పూర్తి పేరు, ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, చాలామందికి ఒక్క పొడి అక్షరంగానే ఉంటుంది. దాంతో అడ్మిన్లు 'కె' అనే అక్షరాన్నో, అసలు పేరునే రెండోసారో ఆ గడిలో కుక్కుతుంటారు. విండోస్‌తో వచ్చే యాక్టివ్ డైరెక్టరీ ఇంటిపేరుని ఐచ్ఛికం చేసి ఈ బెడద తగ్గించింది. ఇంకో పక్క, మూడో వెర్షన్ నుంచి ఎల్‌డాప్‌లో పేర్లన్నీ యూటీఎఫ్-8లోనే ఉంటాయి కాబట్టి తెలుగు లిపిలో పేరు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ఆట్రిబ్యూట్ పక్కన భాష గుర్తు తగిలించే వెసులుబాటు కూడా ప్రమాణంలో ఉంది, దాన్ని వాడే ఆఫీసులు అరుదు.

ఇక్కణ్నుంచి యాక్టివ్ డైరెక్టరీనే పట్టుకుందాం. 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తో వచ్చింది. మన ఆఫీసుల్లో పొద్దున్నే లాగిన్ అయ్యేవాళ్లలో చాలామంది తెలియకుండానే దాని గుండా వెళ్తున్నవాళ్లే.

బయటికి అది చెట్టులా కనిపిస్తుంది: డొమైన్, దాని కింద విభాగాలు, వాటి కింద మనుషులు. డిస్కు మీద చెట్టు లేదు. ఎన్‌టీడీఎస్.డిట్ అనే ఫైల్లో ఒక బల్లపరుపు పట్టిక ఉంది. ప్రతి వస్తువుకీ ఒక వరస, ఆ వరసకి ఒక నంబరు, పక్క గడిలో దాని తల్లి నంబరు. అంతే. పూర్తి పేరు ఎక్కడా రాసిపెట్టి ఉండదు. అడిగినప్పుడు తల్లి, తల్లి తల్లి అంటూ పైకెక్కి కూడగట్టి చెబుతుంది. దీనివల్ల వెయ్యిమంది ఉన్న విభాగాన్ని ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చినా, పేర్ల కోసం మార్చాల్సింది ఆ విభాగం వరసలో తల్లి నంబరు ఒక్కటే. కింద ఉన్న వెయ్యిమంది వరసల్లో తల్లి నంబరు మారదు. గ్రూపుల సంగతీ అంతే. ఎవరు ఏ గ్రూపులో ఉన్నారన్నది వేరే పట్టికలో, నంబర్ల జతలుగా ఉంటుంది. పెళ్లయ్యాక ఒకామె పేరు మారితే ఆమె ఉన్న గ్రూపుల్లో దేన్నీ ముట్టుకోనక్కర్లేదు. 'ఈ గ్రూపులో ఎవరెవరు' అన్నా, 'ఈమె ఏయే గ్రూపుల్లో' అన్నా, చదివేది ఆ జతలనే, ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి.

అసలు కష్టం ఈ పట్టిక ఒకచోట కాక చాలాచోట్ల ఉండటం. హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, విశాఖలో, వరంగల్‌లో బ్రాంచీలు ఉన్న ఒక సంస్థ అనుకుందాం. మూడు చోట్లా ఈ పట్టికని మోసే సర్వర్లు, అంటే డొమైన్ కంట్రోలర్లు, ఉన్నాయి. ఒక్కోదాంట్లో మొత్తం పట్టిక ఉంది. మూడు ఊళ్లలో ముగ్గురు గుమాస్తాలు ఒకే చిట్టాకి మూడు ప్రతులు పెట్టుకుని, ఎవరి దాంట్లో వాళ్లు రాసుకుంటూ, వీలైనప్పుడు ఒకరి ప్రతి ఇంకొకరు చూసి దిద్దుకుంటున్నట్టు. పాత విండోస్ ఎన్‌టీలో ఈ గొడవ లేదు. రాసే హక్కు ఒక్క సర్వర్‌కే ఉండేది, మిగతావి చూచిరాతలు. అది పడిపోతే పాస్‌వర్డ్ మార్చడమూ ఆగేది. యాక్టివ్ డైరెక్టరీ అందరికీ కలం ఇచ్చింది. ఇచ్చి, తగాదాలు రాకుండా ఎలా చూసిందన్నదే నాకు ఈ మొత్తం యంత్రంలో ఎక్కువ నచ్చిన భాగం.

మొదటి జాగ్రత్త, మార్పు కొలత ఎంట్రీ కాదు, ఆట్రిబ్యూట్. హైదరాబాద్‌లో ఒకరు ఫోన్ నంబరు మార్చి, అదే నిమిషంలో విశాఖలో ఇంకొకరు హోదా మార్చితే రెండూ నిలుస్తాయి. ఇద్దరూ ఫోన్ నంబరునే మార్చితే? ప్రతి ఆట్రిబ్యూట్ వెనకా ఒక ముద్ర ఉంటుంది: ఎన్నోసారి మారింది, ఎప్పుడు మారింది, ఏ సర్వర్ మీద పుట్టింది. తగాదా వస్తే ముందు ఎన్నోసారి అన్నది చూస్తారు, ఎక్కువున్నది గెలుస్తుంది. అక్కడ సమానమైతే సమయం. అదీ సమానమైతే సర్వర్ గుర్తింపు సంఖ్యల్లో పెద్దది.

ఈ వరసలో సమయానికి రెండో స్థానం ఇవ్వడం యాదృచ్ఛికం కాదు. ఏ సర్వర్ గడియారమైనా తప్పొచ్చు. ఏడాది ముందుకు తిరిగిన గడియారం ఉన్న సర్వర్ ఒక్కటి చాలు, ఆ ఏడాదంతా దాని రాతలే చెల్లుబాటవడానికి. సంఖ్యకి ఆ జబ్బు లేదు. కాకపోతే దీనికో విచిత్రమైన ఫలితం ఉంది. విశాఖలో ఒకే నంబరుని రెండుసార్లు దిద్ది, ఆ మార్పులు చేరకముందే హైదరాబాద్‌లో ఆ తర్వాత ఒక్కసారి దిద్దితే, చివర్న రాసిన హైదరాబాద్ ఓడిపోతుంది. న్యాయం కాదనిపించొచ్చు. అయితే ఇక్కడ కావలసింది న్యాయం కన్నా ఏకాభిప్రాయం. ఏ సర్వరూ ఇంకో సర్వర్‌ని అడగకుండా, తన దగ్గరున్న ముద్రలు చూసుకుని, అందరితో సమానంగా ఒకే తీర్పుకి రావాలి. ఈ మూడు మెట్లూ ఆ పని చేస్తాయి, ఏ తగాదా తేలకుండా మిగలదు.

మొదటి వెర్షన్‌లో ఒక లోటుండేది. గ్రూపు సభ్యుల జాబితా మొత్తం ఒకే ఆట్రిబ్యూట్‌గా లెక్క. రెండుచోట్ల ఇద్దర్ని ఒకేసారి చేరిస్తే ఒక జాబితా గెలిచి, రెండోవాళ్లు చేర్చిన మనిషి మాయమయ్యేవాడు. విండోస్ సర్వర్ 2003 నుంచి ఒక్కో సభ్యుడికి ఒక్కో ముద్ర వేస్తున్నారు.

ఇక ఒకరి ప్రతి ఇంకొకరు చూసుకునే పద్ధతి, దీన్నే రెప్లికేషన్ అంటారు. ప్రతి కంట్రోలర్‌కీ సొంతంగా ఒక లెక్కపెట్టే సంఖ్య ఉంటుంది, యూఎస్‌ఎన్ అంటారు. తన దగ్గర ఏ రాత జరిగినా అది ఒకటి పెరుగుతుంది, వెనక్కి పోదు. వరంగల్ సర్వర్ హైదరాబాద్‌ని అడిగేటప్పుడు రెండు సంగతులు చెబుతుంది. ఒకటి: 'నీ లెక్కలో 41,200 వరకు చూశాను'. రెండోది ఇంకా తెలివైనది: 'విశాఖలో పుట్టిన రాతలు 9,800 వరకు నా దగ్గర ఉన్నాయి, అవి ఎవరి ద్వారా వచ్చాయన్నది నీకనవసరం'. దాంతో హైదరాబాద్ తన కొత్త రాతల్లోంచి, విశాఖలో పుట్టి వరంగల్‌కి ఇప్పటికే చేరినవాటిని తీసేసి, మిగతావే పంపుతుంది. సర్వర్లు చక్రంలా కలిసి ఉన్నా ఒకే మార్పు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోదు. ఒక దారి తెగితే ఇంకో దారిలో వస్తుంది, రెండు దారులూ ఉంటే రెండోసారి రాదు.

తీసేయడం చూద్దాం. రాసినదాన్ని చూసి రాసుకోవచ్చు, లేనిదాన్ని చూసి ఎలా రాసుకుంటారు? ఒక అకౌంటుని నిజంగా చెరిపేస్తే, పక్క సర్వర్‌కి చెప్పడానికి ఏమీ మిగలదు. అందుకని చెరపరు. తీసేసినట్టు గుర్తు పెట్టి, ఎక్కువ ఆట్రిబ్యూట్లు ఊడ్చేసి, పేరు మార్చి, మరుగు గదిలో పడేస్తారు. దాన్ని టూంబ్‌స్టోన్ అంటారు. ఆ గుర్తు మామూలు మార్పులాగే అన్ని సర్వర్లకీ వెళ్తుంది. మొదట్లో అరవై రోజులు, విండోస్ సర్వర్ 2003 మొదటి సర్వీస్ ప్యాక్ నుంచి కొత్తగా పెట్టినవాటికి 180 రోజులు ఉండి, తర్వాత నిజంగా పోతుంది. అంతకన్నా ఎక్కువకాలం మూలనపడి ఉన్న కంట్రోలర్‌ని మళ్లీ ఆన్ చేస్తే, తీసేసిన ఉద్యోగుల అకౌంట్లు దాంట్లో ఇంకా బతికే ఉంటాయి. ఆ గడువు దాటిన బ్యాకప్ పనికిరాదనడమూ ఇందుకే. ఎంత పాత బ్యాకప్ ఉంటే అంత భద్రమనుకునే అలవాటు ఇక్కడ ప్రమాదం.

వెనక్కి పోదన్న యూఎస్‌ఎన్‌ని వెనక్కి తిప్పే సాధనం ఒకటి తర్వాత వచ్చింది: వర్చువల్ మెషీన్ స్నాప్‌షాట్. యూఎస్‌ఎన్ 5,000 దగ్గరున్న సర్వర్‌ని, 4,000 దగ్గర తీసిన స్నాప్‌షాట్‌కి తిప్పారనుకోండి. అది 4,001 నుంచి కొత్త రాతలు మొదలుపెడుతుంది. పక్క సర్వర్లేమో 'నీ దగ్గర పుట్టినవి 5,000 వరకు మాకు చేరాయి' అంటూ ఉంటాయి. ఆ మధ్యలో చేర్చిన వెయ్యి మార్పులూ ఎవరికీ చేరవు. ఎర్రర్ కూడా రాకపోవచ్చు. పద్ధతి ప్రకారం బ్యాకప్ నుంచి తెస్తే ఈ చిక్కు లేదు. సర్వర్ డేటాబేస్ గుర్తింపు సంఖ్యని మార్చుకుంటుంది, పక్కవాళ్లు దాన్ని కొత్త రాతగాడిగా చూస్తారు. స్నాప్‌షాట్ మాత్రం సర్వర్‌కి తెలియకుండానే కాలాన్ని తిప్పుతుంది. విండోస్ సర్వర్ 2012లో దీనికి విరుగుడు వేశారు. హైపర్‌వైజర్ ప్రతి మెషీన్‌కీ ఒక తరం నంబరు ఇస్తుంది, స్నాప్‌షాట్‌కి తిప్పితే దాన్ని మారుస్తుంది. కంట్రోలర్ తన డేటాబేస్‌లో దాచుకున్న నంబరుతో దాన్ని పోల్చి చూసుకుంటుంది. తేడా కనిపిస్తే, తనని ఎవరో వెనక్కి తిప్పారని గ్రహించి, గుర్తింపు సంఖ్య మార్చేసుకుంటుంది.

అందరికీ కలం ఇచ్చినా కొన్ని పనులు ఒక్కరే చేయాలి. అలాంటివి ఐదు. అందులో రెండే చెబుతాను. ప్రతి అకౌంటుకీ డొమైన్‌లో మరెవరికీ లేని నంబరు ఉండాలి. ఒకే నంబరు ఇద్దరికి పడితే, ఫైళ్ల దృష్టిలో ఆ ఇద్దరూ ఒకే మనిషి. అలాగని అకౌంటు తెరిచిన ప్రతిసారీ హైదరాబాద్‌ని అడగాలంటే, లైను తెగిన రోజు విశాఖలో పని నిలిచిపోతుంది. అందుకని ఆ బాధ్యతలో ఉన్న సర్వర్ నంబర్లని ఐదువందల చొప్పున కట్టలుగా పంచేస్తుంది. కంట్రోలర్ కట్ట అయిపోయేదాకా ఆగదు, సగం వాడగానే కొత్త కట్టకి అడుగుతుంది. తరం నంబరు మారిందని గ్రహించిన సర్వర్ చేసే ఇంకో పని, చేతిలో ఉన్న కట్టని పారేయడం. అందులో ఏ నంబర్లు ఇచ్చేసిందో తన జ్ఞాపకాన్ని తనే నమ్మలేదు కదా.

రెండోది పాస్‌వర్డ్ పని, అది చేసే సర్వర్‌ని పీడీసీ ఎమ్యులేటర్ అంటారు. హెల్ప్‌డెస్క్‌వాళ్లు హైదరాబాద్ సర్వర్ మీద కొత్త పాస్‌వర్డ్ పెట్టి, విశాఖలో ఉన్నామెకి ఫోన్ చేసి చెప్పారు. ఆమె వెంటనే కొట్టింది. ఆ మార్పు విశాఖ సర్వర్‌కి ఇంకా చేరలేదు, బ్రాంచీల మధ్య మామూలు గడువు మూడు గంటలు. విశాఖ సర్వర్ దగ్గరున్న లెక్కలో పాస్‌వర్డ్ తప్పు. అయినా తప్పని చెప్పేయదు. ఎక్కడ పాస్‌వర్డ్ మారినా ఆ సంగతి పీడీసీకి వెంటనే చేరుతుందని దానికి తెలుసు, అందుకే కాదనే ముందు ఒకసారి పీడీసీని అడుగుతుంది. అక్కడ సరిపోతే లోపలికి రానిస్తుంది. అవుననడానికి ఎవర్నీ అడగదు, కాదనడానికి మాత్రమే అడుగుతుంది. రోజూ జరిగే లాగిన్లలో ఎక్కువ సరైనవే కాబట్టి లైను మీద భారమూ పడదు.

అసలు ఆమె కంప్యూటర్‌కి విశాఖ సర్వర్ ఎలా దొరికింది? డీఎన్‌ఎస్‌లో ఎస్‌ఆర్‌వీ రికార్డులు చూసి, ముందు ఏదో ఒక కంట్రోలర్‌ని పలకరిస్తుంది. తనెక్కడుందో కంప్యూటర్‌కి తెలియదు. కంట్రోలర్ దాని ఐపీ అడ్రసు చూసి, అడ్మిన్ రాసిపెట్టిన సబ్‌నెట్ల పట్టికతో పోల్చి, 'నువ్వు విశాఖ సైట్‌లో ఉన్నావు' అని చెబుతుంది. కంప్యూటర్ మళ్లీ డీఎన్‌ఎస్‌ని ఆ సైట్ పేరుతో అడుగుతుంది. కొత్త అంతస్తుకి కొత్త సబ్‌నెట్ ఇచ్చి, పట్టికలో చేర్చడం మరిచిపోతే, అక్కడివాళ్ల లాగిన్లు ఏ ఊరికో పోతుంటాయి. అందరూ నెట్ స్లో అంటారు. నెట్‌లాగన్ లాగ్‌లో ఆ ఐపీలన్నీ 'నో క్లయింట్ సైట్' అని వరసగా కనిపిస్తాయి, చూసేవాళ్లుంటే.

లాగిన్ అప్పుడు కెర్బెరోస్ పని మొదలవుతుంది. ఎంఐటీలో ఎథీనా ప్రాజెక్టు కోసం తయారైన పద్ధతి ఇది. పాస్‌వర్డ్ వైరు మీద వెళ్లదు. పాస్‌వర్డ్ నుంచి తీసిన తాళంతో కంప్యూటర్ అప్పటి సమయాన్ని రహస్యలిపిలోకి మార్చి పంపుతుంది. సర్వర్ తన దగ్గరున్న తాళంతో తెరిచి, సమయం ఐదు నిమిషాల తేడాలోపు ఉంటే టికెట్ ఇస్తుంది. ఆ టికెట్ మామూలుగా పదిగంటలు చెల్లుతుంది, అంటే ఒక పనిదినం. రెప్లికేషన్ రెండో స్థానానికి నెట్టేసిన గడియారాన్ని కెర్బెరోస్ గుమ్మంలోనే నిలబెట్టడం గమనించండి. పాత సందేశాన్ని పట్టుకుని మళ్లీ పంపే దొంగని ఆపడానికి సమయం కావాలి మరి. ఒకే సర్వర్‌లో రెండు విభాగాలు ఒకే గడియారాన్ని వేర్వేరుగా నమ్మడం పొరపాటు కాదు, ఎవరి అవసరం వాళ్లది.

అన్నిటినీ అన్నిచోట్లకీ పంపాలన్న మొండితనం కూడా ఈ రూపకల్పనలో లేదు. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారన్నది ఏ సర్వర్ దగ్గర జరిగితే దాని దగ్గరే ఉండిపోతుంది. ప్రతి లాగిన్‌నీ పంపితే లైన్లు దానికే సరిపోతాయి. కానీ నెలల తరబడి వాడని అకౌంట్లు వెతకాలంటే ఎలా? విండోస్ సర్వర్ 2003లో రెండో ఆట్రిబ్యూట్ పెట్టారు, ఇది అందరికీ వెళ్తుంది. దీన్ని లాగిన్ అయిన ప్రతిసారీ మార్చరు. పాత విలువ సుమారు పద్నాలుగు రోజులు దాటితేనే మారుస్తారు. ఆ పద్నాలుగులోంచి ఐదురోజుల లోపు ఏదో ఒక యాదృచ్ఛిక మొత్తం తీసేస్తారు, అందరి గడువూ ఒకే రోజున పడి మార్పులు కట్టలు తెంచుకోకుండా. తొంభై రోజులుగా వాడని అకౌంటుని పట్టుకోవడానికి ఈ కచ్చితత్వం సరిపోతుంది. నిన్న ఎవరు వచ్చారో తెలుసుకోవడానికి దీన్ని వాడే అడ్మిన్‌ని చూస్తే మాత్రం జాలేస్తుంది.

ఈ యంత్రమంతా ఒక్కచోట చూడాలంటే ఏదైనా ఒక అకౌంటు మీద రెప్‌అడ్మిన్ పనిముట్టుతో మెటాడేటా అడగండి. ఆట్రిబ్యూట్‌కి ఒక వరస చొప్పున వస్తుంది: ఇక్కడి యూఎస్‌ఎన్, పుట్టిన సర్వర్ పేరు, పుట్టినచోటి యూఎస్‌ఎన్, తేదీ, ఎన్నో వెర్షన్. పాస్‌వర్డ్ వరసలో వెర్షన్ 14 అని ఉంటే, పద్నాలుగుసార్లు రాశారని. హోదా విశాఖలో, ఫోన్ నంబరు హైదరాబాద్‌లో పుట్టాయని పక్కపక్క వరసల్లోనే తెలుస్తుంది. ఆ పట్టికలో లేనిది ఒకటే, ఎవరు మార్చారన్నది. మనిషి పేరు కావాలంటే, ఆ పుట్టిన సర్వర్ దగ్గరికే వెళ్లి, ఆ తేదీకి సెక్యూరిటీ లాగ్ తెరవాలి. ఆడిటింగ్ ముందే ఆన్ చేసి ఉంటే, లాగ్ ఈలోగా నిండి పాతవి చెరిగిపోకుండా ఉంటే, అక్కడ దొరుకుతుంది.